పదో పలకకు జ్ఞానతల్లి

పోతోసిలో నడక మొదలుపెట్టిన వాళ్ళందరికీ పదో నంబరు దగ్గరే ఊపిరి అయిపోతుంది.

ఒకటో నంబరు పెద్ద చౌకులో ఉంది. అక్కడ అందరూ హుషారుగా ఉంటారు. మడత పటం విప్పుకుంటారు, కొండకేసి చూస్తారు, పాత టంకశాల గోడ ముందు నిలబడి ఫోటోలు దిగుతారు. గైడు అక్కర్లేదు. పటంలోని అంకెను గోడ మీది పింగాణీ పలకతో సరిచూసుకోవడం, దాని మీది రెండు వాక్యాలు చదవడం, బాణం చూపించిన వైపు పోవడం, అంతే. నాలుగో నంబరు దాకా నవ్వులు వినబడతాయి. ఏడు దాటాక బూట్ల చప్పుడే. తొమ్మిది దాటాక వీధి నిట్టనిలువునా లేచి, ఇటొకసారి అటొకసారి వంకర తిరుగుతుంది. కొండ మీంచి దిగే చలిగాలిని తొమావె గాలి అంటాం, దాన్ని విరగ్గొట్టాలని పూర్వం దొరలు అలా వంచి కట్టించారు. గాలి విరగలేదు, ఎక్కేవాళ్ళ నడుములే విరిగాయి. సముద్రానికి నాలుగు వేల మీటర్ల పైనున్న ఊళ్ళో ఆ ఎగువ ఎక్కి వచ్చినవాడు, పదో పలక ఉన్న కమాను కింద గోడకు చెయ్యి ఆనించి, ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరుస్తాడు.

ఆ కమాను కిందే దోన్యా మెల్చోర చోకెవిల్క అనే ఆవిడ అపి అమ్మేది. ఊదారంగు మొక్కజొన్న పిండిలో దాల్చినచెక్క, లవంగం వేసి చిక్కగా కాచే అపి తాగనిదే మా ఊళ్ళో తెల్లారదు. గనికి పోయేవాళ్ళు, బడి పంతుళ్ళు, రాత్రి దిగని తాగుబోతులు, అందరూ ఆమె బల్ల మీద పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. ఎవరికి తీపి ఎక్కువ కావాలో, ఎవరికి అడుగున మిగిలిన ముద్ద కావాలో ఆమెకు తెలుసు. కప్పు ఖాళీ అయ్యాక అడక్కుండానే కొసరు పోసేది. పక్కనే దోన్యా నియెవెస్ జున్ను పెట్టి పూరీల్లాంటివి నూనెలో పొంగించేది. ఇద్దరూ రోజంతా తిట్టుకునేవాళ్ళు, ఒకరు రాకపోతే రెండోవారు బెంగపెట్టుకునేవాళ్ళు.

ఆ కమాను కింద రెండు గోడలు కలిసే చోట ఒక మూల ఉంది. గాలి దిశ ఎటు మారినా అక్కడికి మాత్రం రాదు. పొయ్యి మంట కదలదు. మా ఊళ్ళో గాలి రాని మూల అంటే ఆస్తి. కాకపోతే దానికి కాగితాలుండవు. మెల్చోరకు ఆ మూల వాళ్ళమ్మ నుంచి వచ్చింది. భర్త ఊపిరితిత్తుల నిండా కొండ గని దుమ్ము నింపుకుని పోయినప్పుడు కూడా, మట్టి చేసి వచ్చిన మూడో నాడు ఆమె ఆ మూలలోనే కూర్చుంది. వేరే ఎక్కడ కూర్చోవాలో ఆమెకు తెలియదు. అప్పటివి నలభై దాటిన కాళ్ళు, ఇప్పటివి అరవై దాటినవి.

నేనూ మెల్చోరా ఒకే వాకిట్లో ఎదురెదురు గదుల్లో ఉంటాం. నేను పనిచేసే ప్రెస్సులోనే ఆ నడక పటాలు అచ్చయ్యేవి. మడతలు పెట్టేది నేను. ఊరంతా నా వేళ్ళ కింద ఎనిమిది మడతల్లో ఇమిడిపోయేది. ఒక్క కొండే ఇమడకుండా అంచు మీదికి వచ్చి ప్రతిసారీ తెగిపోయేది.

పలకలు పెట్టించింది పాత వీధుల నడక సంఘం. దాని సెక్రటరీ ఉర్కిసు ఒకరోజు పొద్దున్నే ఎగువ ఎక్కి వచ్చాడు. చేతిలో గుడ్డ కప్పిన బుట్ట. బుట్టలో తియ్య రొట్టెలు, ద్రాక్ష సారా సీసా, చక్కెర బిళ్ళలు. అది చూడగానే అందరికీ అర్థమైపోయింది. బాప్తిస్మంలో బిడ్డకు ఉన్నట్టే, మా దగ్గర డబ్బు చాలని ప్రతి పనికీ జ్ఞానతల్లిని వెతుకుతారు. పెళ్ళి కేకుకు ఒకరు, ఫుట్‌బాల్ జట్టు చొక్కాలకు ఒకరు, కొత్త లారీకి ఒకరు. ఖర్చు పెట్టుకునేది వాళ్ళే. మద్రీనా అని గౌరవంగా పిలిపించుకునేదీ వాళ్ళే. రొట్టెతో అడగడానికి వచ్చినవాణ్ణి కాదని పంపకూడదు.

"దోన్యా మెల్చోర, మా బిడ్డను మీ చేతుల్లో పెడదామని వచ్చాను" అన్నాడు ఉర్కిసు, టై సర్దుకుంటూ.

"నీకు పెళ్ళెప్పుడయింది డాక్టరు బాబూ?" అంది ఆమె. మా ఊళ్ళో టై కట్టిన ప్రతివాడూ డాక్టరే.

"నా బిడ్డ కాదమ్మా. ఈ వీధి బిడ్డ. పదో నంబరు పలక. ఇదిగో, ఈ గోడకే పెడతాం, మీ తల పైనే."

"తండ్రెవరో తెలీని బిడ్డన్నమాట" అంది నియెవెస్, నూనెలోంచి తల ఎత్తకుండా.

"నువ్వు ఊరుకోవే. నాలాంటిదాన్నెందుకు బాబూ? బంగారం కొట్టు ఆయన లేడూ?"

"ఆయన మూడో పలక తీసుకున్నాడు. చౌకు పక్కది."

"మందుల షాపు ఆవిడ?"

"ఆవిడది అయిదు."

"అయితే ఎగువకొచ్చేసరికి ఎవరూ దొరకలేదన్నమాట."

ఉర్కిసు నేల చూశాడు. ఆమె గరిటె తిప్పుతోంది. బల్ల మీద అపి తాగుతూ నేను ఆమె ముఖమే చూస్తున్నాను. తిట్టి పంపిస్తుందనుకున్నాను, పంపిస్తే బాగుండేది. ఆమె చెయ్యి తుడుచుకుని, బుట్టలోంచి ఒక రొట్టె తీసి కొరికింది. రొట్టె కొరికితే ఒప్పుకున్నట్టే.

సాయంత్రం వాకిట్లో కుళాయి దగ్గర అడిగాను. "మీకెందుకు ఈ గోల? వాళ్ళ పలక, వాళ్ళ నడక."

"నాకు జ్ఞానబిడ్డలు ఎంతమందో తెలుసా నీకు? నాకూ తెలీదు" అని నవ్వింది. "బతికున్నవాళ్ళు బూట్ల కోసం వస్తారు. పోయినవాళ్ళ కోసం వాళ్ళమ్మలొస్తారు, కప్పడానికి గుడ్డ ఇమ్మని. అది జ్ఞానతల్లే ఇవ్వాలి. నేను ముగ్గురికిచ్చాను. ఈ పిల్లాడికి బూట్లక్కర్లేదు. చావడు కూడా. నా ముసలితనానికి ఇలాంటి బిడ్డ ఒకడుండనీరా."

ఆమె పండగలకు కప్పుకునే మెత్తటి శాలువా ఆ తర్వాత నాకు మళ్ళీ కనిపించలేదు. పలకకు డబ్బెక్కడిదని నేను అడగలేదు.

బారసాల ఘనంగానే జరిగింది. పలకను రంగురంగుల నేత గుడ్డలో చుట్టి, పసిబిడ్డను పట్టుకున్నట్టు చేతుల మీద పట్టుకుని వీధి ఎక్కింది మెల్చోర. అంచు మీది నుంచి అంకె కనపడకుండా గుడ్డ సర్దుతూనే ఉంది, చలి తగులుతుందేమో అన్నట్టు. నియెవెస్ వెనక నడుస్తూ "పాలెప్పుడు పడతావే?" అని ఏడిపించింది. మేస్త్రీ గోడకు సున్నం పూసి పలక అతికించాడు. ఉర్కిసు ఉపన్యాసం ఇచ్చాడు. పూర్వం ఆ ఇంట్లో వెండి నాణ్యం చూసే దొర ఒకడుండేవాడట, నిజాయితీకి పెట్టింది పేరట. మెల్చోర సారాలో కొంత నేలతల్లి పచమామకు నేల మీద ధార పోసి, కొంత పలక మీద చిలకరించి, పూలరేకులు చల్లి, ఎవరూ అడక్కపోయినా దానికొక పేరు పెట్టింది. సెరఫీన్. అది విని ఉర్కిసు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

పలక కింది అంచున చీమంత అక్షరాల్లో "జ్ఞానతల్లి: మె. చో." అని ఉంది. పేరు మొత్తం పట్టలేదన్నారు.

ఆ తర్వాత నడిచేవాళ్ళు రావడం మొదలైంది. ఒక్కొక్కరే, లేదా జంటగా, పటం చేత్తో పట్టుకుని. పదో నంబరు దగ్గర ఊపిరి అందక ఆమె బల్ల మీద కూలబడేవాళ్ళు. ఊపిరికి మంచిదని ఆమె కొండ ఆకు వేసి కాచిన వేడినీళ్ళు ఇచ్చేది. పెదాలు నీలమైన వాళ్ళను గోడ మూలకు జరిపి కూర్చోబెట్టేది. కాస్త తేరుకున్నాక వాళ్ళు లేచి, ఫోటో కోసం ఫోను ఎత్తి, కొంచెం పక్కకు జరగమని ఆమెకు చేత్తో సైగ చేసేవాళ్ళు. పలక కావాలి, పొయ్యి వద్దు. ఆమె జరిగేది. పొయ్యి జరగదు కదా.

"నీ కొడుకు అందగాడే. నువ్వే అడ్డం" అనేది నియెవెస్.

"నీ నూనె పొగకి వాడి ముఖం నల్లబడుతోంది. రోజూ నేను తుడవలేక చస్తున్నా."

ఆ పొగే ముంచింది. వర్షాలు తగ్గాక విల్బెర్ వచ్చాడు. విల్బెర్ కాపలా వాడు, సంఘం ఇచ్చిన ఊదా చొక్కా తొడుక్కుని పలకలను చూసుకుంటూ తిరుగుతాడు. అతని పుట్టువెంట్రుకలు కత్తిరించింది మెల్చోరే. ఆ జడపాయ ఇప్పటికీ ఆమె పెట్టెలో కాగితంలో చుట్టి ఉంది. అతను వచ్చి, టోపీ తీసి, పొయ్యి ముందు నిలబడ్డాడు. అపి అడగలేదు. అప్పుడే ఏదో తేడా ఉందనిపించింది.

"మద్రీనా... ఒక మాట చెప్పాలి."

"కూర్చుని చెప్పు. బూట్లు చిరిగాయా?"

"బూట్లు కాదు మద్రీనా. సంఘంలో నిర్ణయం చేశారు. పలకల ముందు పొయ్యిలూ బల్లలూ ఉండకూడదట. పొగ పట్టకూడదట. ఫోటోల్లో గోడ ఖాళీగా కనపడాలట."

నియెవెస్ జల్లెడ గరిటె గిన్నెలోకి విసిరింది. "ఏరా, వెంట్రుకలు కత్తిరించిన చేతిని నరకడానికొచ్చావా?"

"నేనేం చేసేది దోన్యా? నన్ను పంపారు."

"పంపితే వస్తావా? నిన్ను గాడిద మీద ఊరేగిస్తామంటే ఎక్కుతావా?"

"ఊరుకోవే" అంది మెల్చోర మెల్లగా. "పిల్లాడు టోపీ తీసి నిలబడ్డాడు చూడు." అతనికి కప్పు నింపి ఇచ్చింది. అతను తాగాడు. కొసరు కూడా తాగాడు. తాగి, వారం గడువని చెప్పి, టోపీ పెట్టుకోవడం మరిచిపోయి దిగిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆ సాయంత్రమే సంఘం ఆఫీసుకు పోదామన్నాను. ఆమె నాతో వచ్చింది, కానీ గుమ్మం దగ్గర నన్ను బయటే ఉండమంది. నేను ఉండలేదు.

ఉర్కిసు చెడ్డవాడు కాదు. అదే చికాకు. చెడ్డవాడైతే కొట్లాడొచ్చు. అతను కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు, నిజంగానే బాధపడ్డాడు. ఆలోచించి ఒక దారి కూడా చెప్పాడు.

"నియమం మార్చలేను దోన్యా మెల్చోర. కానీ పలకను మార్చొచ్చు. ఎదురు గోడకు పెట్టేస్తే మీ మూల మీకుంటుంది. సంఘంలో ఎవరూ అడ్డు చెప్పరు. మీరొక్క మాటంటే చాలు. జ్ఞానతల్లిగా, ఈ పలక ఇక్కడ పెట్టడం తప్పయింది, తీసేయండి, అని."

నేను ఊపిరి పీల్చుకున్నాను. అంత సులువా అనుకున్నాను.

"ఎలా తీస్తారు బాబూ?" అంది ఆమె.

"ఉలితో. మేస్త్రీ ఉన్నాడుగా."

"సున్నం గట్టిపడిపోయింది. విరగదా?"

"విరుగుతుంది. విరిగితే ఏముంది, కొత్తది చేయిస్తాం. ఖర్చు సంఘానిదే. అదే అంకె, అవే అక్షరాలు."

"అదే అంకె. వేరే బిడ్డ."

ఉర్కిసు నా వైపు చూశాడు. నేను ఆమె వైపు చూశాను. ఆమె టీ కప్పు కింద పెట్టి, పావడా మడతలు సర్దుకుని లేచింది.

"నేను వాణ్ణి చేతుల మీద తెచ్చాను. పేరు పెట్టాను. ధార పోశాను. ఇప్పుడు నా పొయ్యి కోసం వాణ్ణి ఉలితో కొట్టండని నా నోటితో చెప్పమంటావా? నేను ముగ్గురికి గుడ్డ కప్పాను. ఒక్కళ్ళని కూడా నేను చంపలేదు."

దారంతా నేను అరుస్తూనే ఉన్నాను. "అది మట్టి! కాల్చిన మట్టి పలక!"

"నువ్వు కాల్చని మట్టివి. అంతేగా తేడా. మెల్లగా నడువు, నా మోకాళ్ళు నీ కోపంతో పరిగెత్తలేవు."

నియెవెస్ వేరే దారి చూపించింది. రాత్రికి రాత్రి సుత్తితో ఒక్క దెబ్బ తానే వేస్తానంది. పాపం కూడా తన ఖాతాలోనే రాసుకుంటానంది. మెల్చోర ఆమె కేసి చూసిన చూపుకు, జీవితంలో మొదటిసారి నియెవెస్ నోరు మూసింది.

వారం అయ్యాక ఇద్దరూ సామాను ఎత్తేశారు. నియెవెస్ బస్సులు ఆగే చోట చెల్లెలి బండి పక్కన ఇరుక్కుంది. మెల్చోరకు ఎగువ సంత చివర, వరసలో అందరికన్నా ఆఖరి చోటు దొరికింది. ఆ పైన ఇక కొండే. తొమావె గాలి మొదట ఆమెను తాకి, తర్వాతే ఊళ్ళోకి దిగేది. మంట పక్కకు పడుకునేది. అపి పైన దుమ్ము తెట్టు కట్టేది. పాత ఖాతాదార్లలో ఒకరిద్దరు ఎక్కి వచ్చారు. గనికి ఆలస్యమవుతుందని వాళ్ళూ మానేశారు. ఆమె మధ్యాహ్నానికి సగం గిన్నెతో తిరిగి వచ్చి, వాకిట్లో గోడకు ఆనుకుని కళ్ళు మూసుకునేది. పలకరిస్తే "ఉండరా, ఇంకా చెవుల్లో గాలి ఉంది" అనేది.

ఒక శుక్రవారం ఆమె చీకటుండగానే లేచింది. శుక్రవారం మాకు ధార పోసే రోజు. పాత పావడా కాకుండా పెట్టెలోంచి ఆకుపచ్చ మఖమలు పావడా తీసి కట్టుకుంది. రంగు కాగితపు చుట్టలు, పూలరేకులు ఒక సంచిలో వేసుకుంది. ఇంకో చేతిలో గుడ్డ చుట్టిన పెద్ద కెటిల్. ప్రెస్సుకు పోతూ నేనూ ఆమె వెంట నడిచాను.

కమాను కింద విల్బెర్ నిలబడి ఉన్నాడు. పాత ఖాతాదార్లు ఇంకా ఇద్దరు ముగ్గురు అక్కడే నిలబడి ఉన్నారు. ఏమీ లేకపోయినా, అలవాటు కొద్దీ, ఆ గాలి రాని మూలలో చేతులు రుద్దుకుంటూ. ఆమెను చూడగానే విల్బెర్ ముఖం వాడిపోయింది.

"మద్రీనా, ఇక్కడ అమ్మకూడదని చెప్పాను కదా."

"అమ్ముతున్నానా? నా బిడ్డను చూడ్డానికొచ్చాను."

"మరి ఆ కెటిల్?"

"ఒట్టి చేతుల్తో వెళ్తారా ఎవరైనా బిడ్డ దగ్గరికి? మీ అమ్మ నీకదే నేర్పిందా?"

ఆమె తడిగుడ్డతో పలక తుడిచింది. కాగితపు చుట్టలు పలక చుట్టూ గోడకున్న పాత మేకులకు వేలాడదీసింది. పూలరేకులు చల్లింది. మొదటి కప్పు అపి నేల మీద పోసింది. చల్లటి రాళ్ళ మీద ఊదారంగు ఆవిరి లేచింది. రెండో కప్పు విల్బెర్‌కు చాచింది.

"నేను డ్యూటీలో ఉన్నాను మద్రీనా."

"ధార ఒంటరిగా పొయ్యకూడదు. తోడు తాగాలి. ఇది కూడా నేనే చెప్పాలా? సెరఫీన్ నీకు తమ్ముడవుతాడు, తెలుసా?"

విల్బెర్ కిందికీ పైకీ చూశాడు. తర్వాత పలక కేసి ఒకసారి తల వంచి, తాగాడు. అది చూసి మిగతావాళ్ళు దగ్గరికి వచ్చారు. ఆమె అందరికీ పోసింది. ఎవరి దగ్గరా డబ్బు అడగలేదు. కానీ మా దగ్గర బిడ్డ వేడుకకు వచ్చినవాడు నోటు పెట్టకుండా పోడు. పుట్టువెంట్రుకల రోజున పిల్లాడి చొక్కాకు గుచ్చుతారు. పలకకు చొక్కా లేదు. ఒక గని మనిషి కాసేపు ఆలోచించి, పది బొలివియానోల నోటును కాగితపు చుట్టల వెనక దోపాడు. అందరూ అలాగే చేశారు. నేనూ చేశాను. విల్బెర్ అటు తిరిగి వీధి చూస్తూ నిలబడ్డాడు. అమ్మకం అయితే ఆపాలి. వేడుక అయితే టోపీ తియ్యాలి. చివరికి టోపీ తీశాడు.

అలా మర్నాడు కూడా వచ్చింది. ఆ మర్నాడు కూడా.

మొదట్లో నాకు పట్టరాని సంతోషం. వాళ్ళ నియమం వాళ్ళ చేతిలోనే ఉండిపోయిందని, ఈమె మూల ఈమెకు దక్కిందని. ఎవరికి చెప్పినా నవ్వేవారు. కానీ రోజూ పండగ చెయ్యడమంటే ఏమిటో చూస్తూ చూస్తూ నాకు అర్థమైంది. జ్ఞానబిడ్డ దగ్గరికి పాత పావడాతో పోకూడదు. మఖమలు పావడా బరువు. రోజూ కాగితపు చుట్టలు కొనాలి. పూలరేకులు చల్లాలి, మళ్ళీ తానే ఊడ్చాలి. పొయ్యి పెట్టకూడదు కాబట్టి ఇంటి దగ్గర కాచి ఆ ఎగువ మొయ్యాలి. బల్ల వెయ్యకూడదు కాబట్టి నిలబడాలి. జ్ఞానతల్లి విసుగ్గా కనపడకూడదు కాబట్టి నవ్వాలి. పాత రోజుల్లో తలనొప్పి ఉంటే మాట్లాడకుండా గరిటె తిప్పుకునేది. ఇప్పుడు అది కుదరదు. వేడుకలో ముఖం ముడుచుకుంటే బిడ్డకు మంచిది కాదు.

నడిచేవాళ్ళు ఇప్పుడు ఆమెను పక్కకు జరగమనడం మానేశారు. జరగొద్దంటున్నారు. మళ్ళీ పొయ్యమంటున్నారు, వెలుగు సరిగా పడలేదట.

ఉర్కిసు ఒక తెల్లవారుజామున వచ్చి చూశాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇదీ మన ఊరంటే! ఇదీ మన ఊరు!" అన్నాడు నాతో. ఆమెను తీసేయించింది తానేనన్న సంగతి అతనికి గుర్తు లేదు. నిజంగానే గుర్తు లేదు, నటన కాదు. ఆ నెలాఖరున ప్రెస్సుకు కొత్త పటం వచ్చింది. పదో అంకె కింద ఒక వాక్యం చేర్చారు. "ప్రతి ఉదయం స్థానిక స్త్రీ నిర్వహించే ప్రాచీన ఆచారం." పక్కన ఆమె ఫోటో, తపాలా బిళ్ళంత. నేను మడతలు పెట్టాను. మూడో మడత సరిగ్గా ఆమె నడుము మీదుగా పోయేది. ఎంత జరిపి పెట్టినా అక్కడి నుంచే పోయేది.

పటం చూపిస్తే ఆమె కాసేపు దూరంగా, కాసేపు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ప్రతి ఉదయం అని రాశారా?"

"రాశారు."

"ఆదివారం కూడానా?"

"ఆదివారం తప్ప అని లేదు."

"హూఁ" అంది. పటం మళ్ళీ మడతపెట్టబోయింది, రాలేదు. నాకిచ్చేసింది.

చలికాలంలో ఆమెకు దగ్గు పట్టింది. రెండు రోజులు లేవలేదు. రెండో రోజు పొద్దున విల్బెర్ వచ్చి ఆమె తలుపు కొట్టాడు. నేను నా గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

"మద్రీనా, జనం ఎదురుచూస్తున్నారు. దూరం నుంచి వచ్చారట. పటం చూపిస్తున్నారు."

లోపల్నుంచి దగ్గు. తర్వాత గొంతు. "అపి కావాలంటనా?"

"అపి కాదు మద్రీనా..." అతను టోపీ నలుపుతున్నాడు. "అది. మీరు చేసేది. అది చూడాలంట."

"మానేస్తే ఏమవుతుందట?"

"ఏమో మద్రీనా. సెక్రటరీ గారు మాత్రం, మీరు మానేస్తే ఇంకెవరినైనా పెట్టాలేమో అన్నారు. ఆ మూలలో."

మళ్ళీ దగ్గు. తర్వాత పెట్టె మూత తెరిచిన చప్పుడు. మఖమలు పావడా ఆ పెట్టెలోనే ఉంటుంది.

నేను విల్బెర్‌ను తిట్టాను. అతను తల వంచుకుని తిట్లు తిన్నాడు. కెటిల్ మాత్రం అతనే మోశాడు ఆ రోజు.

ఆగస్టులో, మాకు చలికాలం చివర, ఒక రోజు మంచు పడింది. కొండ, ఊరు, మేడల కొయ్య వసారాలు అన్నీ ఒకే రంగయ్యాయి. బస్సులు ఆగిపోయాయి. ప్రెస్సు తెరవరని తెలిసి కూడా నేను అలవాటుగా ఎగువ ఎక్కాను. వీధిలో ఒక్క అడుగు గుర్తు కూడా లేదు. కాదు, ఒకరివి ఉన్నాయి, చిన్నవి, పక్కపక్కనే, కర్ర గుర్తుతో సహా.

కమాను కింద మెల్చోర కూర్చుని ఉంది. మఖమలు కట్టుకోలేదు. పాత గోధుమరంగు పావడా, దాని మీద మసి మరకల వంటగుడ్డ. కాగితపు చుట్టలు లేవు, పూలరేకులు లేవు. ఎక్కడి నుంచి తెచ్చిందో, ఎలా మోసిందో, ఆ మూలలో చిన్న పొయ్యి వెలుగుతోంది. మంట నిటారుగా నిలబడి ఉంది. ఆమె దాని మీదకు వంగి, పలకకు వీపు పెట్టి, గరిటె తిప్పుతోంది. ముఖం ముడుచుకుని ఉంది. ఎన్నాళ్ళకు చూశానో ఆ ముఖాన్ని.

"విల్బెర్ రాలేదా?" అన్నాను.

"మంచులో వాడెందుకొస్తాడు. మనుషులెవరూ లేరు. కూర్చో, నిలబడి గాలి ఆపకు, ఇక్కడ గాలే లేదు."

రాయి మీద మంచు దులిపి కూర్చున్నాను. కప్పు నింపి ఇచ్చింది. నేను అలవాటు కొద్దీ మొదటి గుక్క నేల మీద పొయ్యబోయాను.

"ఎయ్! ఎందుకు పారబోస్తావ్? తాగు."

తాగాను. వేడి గొంతులోంచి కడుపులోకి దిగింది. ఖాళీ అయ్యాక ఆమె అడక్కుండానే కొసరు పోసింది. నేను జేబులోంచి నోటు తీసి, పలక వైపు లేచాను.

"అటెక్కడికి?" చెయ్యి చాచింది. "ఇక్కడ పెట్టు. ఇవాళ అమ్ముతున్నాను."

ఆ చేతిలో పెట్టాను. ఆమె దాన్ని వంటగుడ్డ జేబులో దోపుకుంది. చిల్లర ఇవ్వడానికి వెతికింది, దొరకలేదు, రేపిస్తానంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళు మూసుకుని ఉంది, గోడకు తల ఆనించి. నేను కప్పు అడుగున మిగిలింది తాగాను. మంచు పడుతుంటే ఊరికి చప్పుడు ఉండదు.

అప్పుడు కింద వంపు దగ్గర బూట్ల చప్పుడు వినబడింది. ఆగుతూ, రొప్పుతూ, మళ్ళీ ఆగుతూ. తొమ్మిది దాటిన బూట్లు. కాసేపటికి ఎర్ర టోపీ ఒకటి పైకి లేచింది. చేతిలో తడిసిన పటం.

మెల్చోర కళ్ళు తెరిచింది. చప్పుడు వచ్చిన వైపు చూడలేదు. మంట వైపే చూస్తూ, "మంచులో కూడానా" అంది. పొయ్యి ఆర్పింది. దాన్ని నా కాళ్ళ వెనకకు, నా కోటు కిందికి తోసింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టి లేచి నిలబడి, వీపు వెనకకు చేతులు పోనిచ్చి, వంటగుడ్డ ముడి విప్పడం మొదలుపెట్టింది. చలికి వేళ్ళు వంగడం లేదు. ముడి రావడం లేదు.

"చూస్తావేంరా" అంది. "విప్పు."